గంట ఎటు పోతే అటే జలపాతం

కొండ కింద, అడవి మొదలయ్యే చోట ఎర్రన్న గొర్రెల దొడ్డి ఉంది. చుట్టూ ముళ్ళకంప, ముందొక వెదురు తడిక, మధ్యలో ఒక రాతి తొట్టి. ఆ దొడ్డిలో గొర్రెల మందతో పాటు మల్లక్క అనే గేదె, సింగన్న అనే కుక్క కాపురముంటున్నారు. మల్లక్క ఏ సంగతైనా నింపాదిగా నెమరేస్తే గాని జవాబు చెప్పదు. సింగన్న ముందు జవాబు చెప్పేసి, ఇంతకీ ప్రశ్న ఏమిటని తర్వాత అడుగుతాడు. ఇక గొర్రెల్లో బొల్లి అని ఒకతె ఉంది. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి బొల్లి. ఆ మచ్చ వెనక ఏమైనా ఉందా, లేక మచ్చతోనే సరిపెట్టేశారా అని దొడ్డిలో ఎప్పుడూ వేళాకోళమే.

బొల్లికి తికమక పుట్టుకతో వచ్చింది. కుడి ఎడమలు తెలియవని కాదు. తను తిరగ్గానే కుడి కూడా తనతో పాటే తిరిగిపోతుంది కదా, అంత నిలకడ లేనిదాన్ని ఎలా నమ్మడం అని తన బాధ. తూర్పు పడమరలు కొంచెం నయమే గాని, మబ్బు పట్టిన రోజు అవి కూడా ముఖం చాటేస్తాయి. ఎవరైనా రెండు మాటలు కలిపి చెబితే, మొదటిది ఇంకా లోపలికి వెళ్ళకముందే రెండోది వచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడుతుంది.

అయితే మందలో నడిచేవాళ్ళకి ఈ గొడవంతా అక్కర్లేదు. మందకి ముందు గంట పొట్టేలు నడుస్తుంది. దాని మెడలో ఇత్తడి గంట. గంట మోగుతుంటే కాళ్ళు కదలాలి, గంట ఆగితే మూతి గడ్డిలో పెట్టాలి. బొల్లికి తెలిసిన భూగోళం అంతవరకే. దొడ్డిలో ఉండిపోయే పసిపిల్లలకీ ఆ గంటే కబురు. సాయంత్రం గంట వినబడిందంటే అమ్మలు వచ్చేశారు, పాలు వచ్చేశాయి అని చెంగుచెంగున తడిక దగ్గరికి పరిగెత్తేవి.

ఆ కార్తీకంలో గంట పొట్టేలుకి కాలు బెణికింది. అందరూ దాన్ని తాత అంటారు. కాలే కాదు, చూపు కూడా ఆనడం లేదు. ఎర్రన్న గంటని తాడుతో సహా తీసి దొడ్డి గుంజకి తగిలించాడు. ఇక బొల్లికి కష్టాలు మొదలయ్యాయి. ఎర్రన్న కర్రతో అదిలిస్తే ఎటో నడిచేది, ఎందుకు నడుస్తోందో తెలిసేది కాదు. ఒకరోజు ఎవరిదో వేరే మందలో కలిసిపోయి పక్క ఊరి దాకా వెళ్ళింది. సింగన్న వెళ్ళి దారంతా సణుగుతూ వెనక్కి తోలుకొచ్చాడు. అప్పటికి బొల్లికి పిల్ల పుట్టి కొద్ది రోజులే అయింది. తొలిచూలు పిల్ల, అప్పట్లో దొడ్డిలో ఉన్న పసిపిల్ల కూడా అదొక్కటే. ఆ సాయంత్రం పాల కోసం అరిచి అరిచి దాని గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతు విన్నప్పటి నుంచి బొల్లికి ఒక్కటే భయం. మళ్ళీ ఎక్కడైనా తప్పిపోతే, తన పిల్ల ఆకలితో ఎవరి కాళ్ళ దగ్గర నిలబడుతుందో అని.

ఆ రోజుల్లోనే రోడ్డు మీద వనభోజనాల సందడి మొదలైంది. ట్రాక్టర్ల మీద జనం, వాళ్ళ ఒళ్ళో గిన్నెలు, గిన్నెల మీద అరిటాకులు. ఎర్రన్న కూడా ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చే ఆదివారం ఏటి అవతలి మామిడితోటకి వెళ్తున్నాడని, ఆ రోజంతా దొడ్డిలో కట్టేసిన పచ్చిరొట్టతోనే సరిపెట్టుకోవాలని సింగన్న కబురు తెచ్చాడు. మనుషులు అడవికి వెళ్ళి తింటే అది పండగా, మనం రోజూ అడవిలోనే తింటుంటే దానికి కనీసం ఒక పేరైనా లేదా అని గొర్రెలు గొణిగాయి.

ఈ గొణుగుడు కంచె అవతల కూర్చున్న గవరయ్య చెవిన పడింది. గవరయ్య నక్క. కొన్నాళ్ళుగా సాయంత్రాలు వచ్చి, కంపకి కాస్త ఎడంగా, పెద్దమనిషిలా తోక ముందుకి చుట్టుకుని కూర్చుంటున్నాడు. కంచె దాటనంత వరకూ నక్కని తరమాల్సిన పని లేదని సింగన్న లెక్క. పైగా గవరయ్య అతన్ని ఇన్‌స్పెక్టర్ గారూ అని పిలుస్తాడు. దొడ్డిలో ఇంకెవరూ అలా పిలవరు.

ఆదివారం మనం కూడా వెళ్దాం అన్నాడు గవరయ్య. కొండ మీద జలపాతం ఉందట. పై నుంచి నీళ్ళు పాలలా పడతాయట. ఆ తుంపరకి చుట్టూ గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి, ఏ నోరూ తగలక అలాగే నిలబడి ఉందట. పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి తిరిగి రావచ్చట, ఎర్రన్నకి తెలియను కూడా తెలియదట. దారి తను చూపిస్తాడట. గొర్రెలు ఆ మాటలకే నోళ్ళు ఆడించడం మొదలుపెట్టాయి.

ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, దొడ్డిలో సమావేశం. ఎంత మాట్లాడుకుంటే అంత తికమక. జలపాతం ఎంత దూరమని అడిగితే గవరయ్య ఎంతో లేదన్నాడు. మల్లక్క నెమరేసి, తను దూడగా ఉన్నప్పుడు ఒకసారి వెళ్ళాననీ, ఏరు పట్టుకుని పైకి పోవాలనీ అంది. ఏరు పైకి ఎలా పోతుంది, కిందికి కదా వచ్చేది అని సింగన్న అడ్డం పడ్డాడు. ఏరు కిందికే వస్తుంది, మనం పైకి పోతాం అని మల్లక్క. అయితే మనకీ ఏటికీ పడలేదన్నమాట అని బొల్లి అనుకుంది, పైకి మాత్రం అనలేదు.

తిండి సంగతి ఇంకా చిక్కుపడింది. వనభోజనమంటే ఇంటి నుంచి కట్టుకుపోవాలని సింగన్న పట్టు. గడ్డి ఉన్న చోటికి గడ్డి మోసుకెళ్ళడమేమిటని గొర్రెలు. మల్లక్క కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలి, రోజూ ఇంట్లో తినేవాళ్ళు బయట తింటే అది వనభోజనం, రోజూ బయట తినేవాళ్ళం మనం, కాబట్టి లెక్క ప్రకారం మన వనభోజనం ఇంట్లోనే జరగాలి అని తేల్చింది. దాంతో అసలు వెళ్తున్నారా లేదా అన్నదే ఎవరికీ అర్థం కాకుండా పోయింది.

గవరయ్య ఓపిగ్గా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. ఎవరెవరు వెళ్ళాలో కూడా అతనే తేల్చాడు. గొర్రెలన్నీ, మల్లక్క, అందరికంటే ముఖ్యంగా సింగన్న. దారిలో చిరుత ఉందో ఏమో, ఇన్‌స్పెక్టర్ గారు లేని ప్రయాణం ప్రయాణమేనా అన్నాడు. దొడ్డికి కాపలా ఎవరని సింగన్న అడగబోయాడు గాని, ఆ పిలుపు విన్నాక అప్పటికే సరే అనేశాడు.

బొల్లికి వీటిల్లో ఏదీ ఎక్కలేదు. తనకి కావలసింది ఒక్క మాటే. అదే గవరయ్యని రోజూ అడిగింది.

"పాల వేళకి వచ్చేస్తాం కదా మామా?"

"నీ పొదుగు బరువెక్కే లోపు నువ్విక్కడ ఉంటావు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే తల్లీ."

"పోనీ పిల్లని కూడా తీసుకొస్తాను."

"నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల కొండెక్కుతుందా? తాత ఎలాగూ కదల్లేడు. ఆయన దగ్గర వదిలేయ్. ఆయనకి కాలక్షేపం, దానికి కాపలా."

ఆ మాట అనేటప్పుడు గవరయ్య బొల్లి ముఖం చూడలేదు. కంపలోని ఒక సందులోంచి కనబడుతున్న పిల్ల తోకని చూశాడు. అది ముద్దుగా ఆడుతోంది. బొల్లి కూడా అటే చూసి, మామకి పిల్లలంటే ఎంత ఇష్టమో అనుకుంది. అనుకుంది గాని, ఎందుకో వెళ్ళి ఆ సందుకి అడ్డంగా నిలబడింది. అలా నిలబెట్టింది భయమో, సాయంత్రం మేసిన తుమ్మకాయో తనకి తెలియలేదు. తనలో పుట్టేవి ఏవేమిటో పోల్చుకోవడం బొల్లికి ఎప్పుడూ చేతకాదు.

శనివారం సాయంత్రం ఆఖరి సమావేశంలో గవరయ్య దారి చెప్పాడు. తడిక దాటగానే కుడివైపు, మద్దిచెట్టు దగ్గర ఎడమకి, రెండు బండల మధ్యలోంచి దిగి, మళ్ళీ ఎక్కి, చీలిక దగ్గర సన్నదారి కాదు, వెడల్పుది కూడా కాదు, మధ్యలోది. తెలిసిందా అని అడిగితే అందరూ తలలూపారు. ఎవరికీ తెలియలేదు గాని పక్కవాళ్ళు ఊపుతున్నారు కదా అని ఊపారు. బొల్లి ఒక్కతే ఊపలేదు.

"నాకు తెలియలేదు మామా."

దొడ్డి అంతా నవ్వింది. నీకు ఏది తెలిసింది గనక అని ఎవరో అన్నారు. గవరయ్య కూడా నవ్వి, తెలియకపోతే నష్టం లేదు, నా వెనకాల వచ్చెయ్ అన్నాడు.

"వెనకాల అంటే, నా ముందు మల్లక్క ఉంటే నాకు నువ్వు కనబడవు. కనబడకపోతే నాకు నువ్వు లేనట్టే. మా కాళ్ళు గంట వెంట నడుస్తాయి మామా. ఇంతకీ గంట ఎవరి మెడలో ఉంటుంది?"

అందరూ గుంజకి వేలాడుతున్న గంట వైపు చూశారు. ఇన్ని రోజుల సమావేశాల్లో ఎవరికీ తట్టని ముక్క అది. మంద కదలాలంటే ముందు నడిచేవాడి మెడలో గంట ఉండాలి, అది ఆ దొడ్డి ఆచారం. గొర్రెలు ఒక్కొక్కటే అవునవును అన్నాయి. కొన్నయితే గంట లేకపోతే మేం రాము అని అక్కడే కూలబడ్డాయి.

గవరయ్య సాకులు వెతుక్కున్నాడు. అడవిలో గంట మోగిస్తే చిరుత వింటుందన్నాడు. చిరుత సంగతి నేను చూసుకుంటానని సింగన్న ఛాతీ విరిచాడు. గవరయ్య తన మెడకి బరువు పడదన్నాడు. తాత ముసలి మెడే మోసింది కదా అన్నారు. గంటని సింగన్న మెడలో వేస్తే హోదాగా ఉంటుందన్నాడు.

"దారి నాకు తెలియదు కదా" అన్నాడు సింగన్న. "దారి తెలిసినవాడే గంట వేసుకోవాలి. లేకపోతే నేను ఎటు పోతే అందరూ అటు వస్తారు. నేను మధ్యలో ఉడతని చూశాననుకో, ఇక అంతే."

అంత సబబైన మాట సింగన్న నోట రావడం అదే మొదలు. గవరయ్య లోపల లెక్క వేసుకున్నాడు. కాదంటే ప్రయాణం ఆగిపోతుంది. ఔనంటే మహా అయితే దారిలో ఎక్కడో వదిలించుకోవచ్చు. మీ ఇష్టం అన్నాడు, ఎంతో త్యాగం చేస్తున్నవాడిలా.

ఆదివారం తెల్లవారగానే ఎర్రన్న ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు. మల్లక్క కొమ్ముతో తడికని ఎత్తి పక్కన పడేసింది. తడిక తెరవడం గురించి సమావేశంలో చాలా మాట్లాడుకున్నారు గాని, మళ్ళీ ఎవరు మూయాలన్నది తేలనేలేదు, కాబట్టి అది అలాగే పడి ఉంది. తాత మూతితో గంట తాడుని గుంజ మీంచి దింపాడు. గవరయ్య ఆ తాడులో తల పెట్టాడు. ఆ తాడు తాత లావు మెడకి కట్టింది, నక్క మెడలో దండలా వేలాడింది. ఇలా అయితే జారిపోతుందని మల్లక్క తాడు కొస పళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి బిగిసింది. గవరయ్య కళ్ళు కాస్త బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళాయి.

బొల్లి పిల్లకి కడుపునిండా పాలిచ్చింది. సాయంత్రం గంట వినబడుతుంది, అప్పటిదాకా తాత పక్కనే ఉండు అని చెప్పింది. చెప్పి బయటికి వచ్చాక, గంట అని చెప్పానా, సాయంత్రం అని చెప్పానా, రెండూ చెప్పానా అని అనుమానం వచ్చింది. వెనక్కి వెళ్దామనుకునేంతలో గంట మోగింది. కాళ్ళు కదిలాయి.

గంట వెంట నడవడం బొల్లికి ఎంత హాయిగా ఉందో. చాలా రోజుల తర్వాత కుడి ఎడమల బెడద లేదు. మద్దిచెట్టు వచ్చింది, బండలు వచ్చాయి, మళ్ళీ మద్దిచెట్టు వచ్చింది. అది ఇందాకటి చెట్టులాగే ఉందని ఒక గొర్రె అంది. మద్దిచెట్లన్నీ ఒకేలా ఉంటాయని గవరయ్య అన్నాడు. మళ్ళీ రెండు బండలు వచ్చాయి. బండలు కూడా ఒకేలా ఉంటాయన్నాడు. నిజానికి గవరయ్య వాళ్ళని దొడ్డికి పెద్ద దూరం తీసుకుపోలేదు. వాళ్ళు దూరం పోతే తను వెనక్కి రావడానికీ అంత దూరమే కదా. అందుకని పొదల చుట్టూ, గుట్ట చుట్టూ తిప్పి తిప్పి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎవరికీ ఏ వైపు ఇల్లో తెలియకుండా చేశాడు. సింగన్న వాసన పడదామంటే అన్ని వైపులా తమ వాసనే. ఇంతమంది మనలాంటి వాళ్ళు ఈ అడవిలో ఎక్కడి నుంచి వచ్చారని అతను కంగారుపడ్డాడు. మల్లక్క మాత్రం, ఎక్కడా నీటి తడి తగలడం లేదే అని నెమరు మొదలుపెట్టింది. అది పూర్తవడానికి టైం పడుతుంది.

పొద్దు కాస్త వాలాక ఒక నేరేడు చెట్టు నీడలో గవరయ్య ఆగాడు.

"ఈ దిబ్బ అవతలే జలపాతం. చిరుత నీళ్ళకి వచ్చిందేమో చూసొస్తాను. నేను వచ్చేదాకా ఒక్కరు కూడా కదలొద్దు."

"ఎక్కడా నీళ్ళ చప్పుడు లేదు మామా" అంది బొల్లి.

"దగ్గరికి వెళ్తే వినబడుతుంది" అని గవరయ్య పొదల్లోకి దూరాడు. గంట కాసేపు మోగింది. తర్వాత ఠక్కున ఆగిపోయింది.

గంట ఆగింది కాబట్టి గొర్రెలు మూతులు గడ్డిలో పెట్టాయి. పొదల వెనక గవరయ్య గంట నోట్లోకి ఆకులూ మన్నూ కూరుతున్నాడని వాళ్ళకేం తెలుసు. బొల్లి కూడా గడ్డి కొరికింది గాని నోరు ఆడలేదు. పొదుగు బరువెక్కడం మొదలైంది. తన ఒంట్లో ఎప్పుడూ తప్పు చెప్పని గడియారం అదొక్కటే. పాల వేళ అవుతోంది, ఇంకా జలపాతమే చూడలేదు. చూడాలి, మేయాలి, తిరిగి వెళ్ళాలి. ముందు వెళ్ళాలా, ముందు చూడాలా? చూడకుండా వెళ్తే వచ్చినట్టా రానట్టా? బొల్లి బుర్ర సుడి తిరిగింది. ఎటు చూసినా చెట్లు, ఏ చెట్టుకి అవతల తన పిల్ల ఉందో తెలియదు. ఆ తెలియకపోవడానికి తొలిసారిగా ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడు గంట మోగింది. చాలా దూరంలో, గబగబా. పరుగు పెడుతున్నవాడి మెడలో గంటలా. అది నిజమే. కుదుపుకి ఆకులూ మన్నూ ఊడి రాలిపోయాయి.

బొల్లి లేచింది.

"కూర్చో. కదలొద్దని చెప్పి వెళ్ళాడుగా" అన్నాడు సింగన్న.

"గంట కదులుతోంది అన్నా."

"మామ నోటితో చెప్పింది ఏమిటి, నువ్వు చేస్తున్నది ఏమిటి?"

"నోటితో కూర్చోమన్నాడు, గంటతో రమ్మంటున్నాడు. నాకు రెండూ ఒకేసారి అర్థం కావు. కాళ్ళకి గంటే తెలుసు" అని బొల్లి అప్పటికే పరుగు అందుకుంది. గొర్రె పరిగెత్తితే వెనకాల గొర్రెలు పరిగెత్తకుండా ఉంటాయా. మంద మొత్తం కదిలింది. మందని వదిలేస్తే తన ఉద్యోగం ఉండదని సింగన్న పక్కన పరిగెత్తాడు. మీరంతా పోతే నేనొక్కదాన్నీ ఎవరితో వనభోజనం చెయ్యను అని మల్లక్క ఆయాసపడుతూ వెనక పడింది.

ముందు గవరయ్యకి వెనక నేల అదిరే చప్పుడు వినిపించింది. చిరుతో, ఏనుగులో అనుకుని వేగం పెంచాడు. వేగం పెంచిన కొద్దీ గంట గట్టిగా మోగింది. గంట గట్టిగా మోగిన కొద్దీ మంద వేగం పెంచింది.

తర్వాత దొడ్డిలో జరిగింది తాత చెప్పగా అందరూ విన్నదే. ఎండకి కునుకు తీస్తున్న తాతకి తన గంట చప్పుడు వినబడింది. గంట నాదే, నడక మాత్రం ఎవరో తొందరపాటు వాళ్ళది అనుకుంటుండగానే, పిల్ల లేచి తడిక లేని గుమ్మం వైపు ఉరికింది. గంట వచ్చిందంటే అమ్మ వచ్చింది కదా. గవరయ్య లోపలికి దూకాడు. దాక్కున్న పిల్లని వెతకాలి, తరమాలి, పట్టాలి అని సిద్ధపడి వచ్చినవాడికి, ఆ పిల్లే ఎదురొచ్చి, ఏ మాత్రం మొహమాటం లేకుండా కడుపు కిందికి దూరి, పొదుగు కోసం తలతో పొడవసాగింది. గవరయ్యకి చక్కిలిగింతలు పుట్టాయి. పక్కకి జరిగితే అదీ జరిగింది. వెనక్కి తిరిగితే మెడలో గంట మోగింది, ఇంకా హుషారుగా పొడిచింది. నోరు కిందికి వంచితే గంట అడ్డం వచ్చి పళ్ళకి తగిలింది. తను దాన్ని తినడానికి వచ్చాడా, అది తనని తాగడానికి వచ్చిందా అని గవరయ్య ఆ ఒక్క నిమిషం పూర్తిగా తికమకపడిపోయాడు.

ఆ నిమిషంలోనే మంద గుమ్మంలోంచి కట్టతెగిన ఏరులా వచ్చి పడింది.

బొల్లి ఆగి, రొప్పుతూ చుట్టూ చూసింది. ముళ్ళకంప, రాతి తొట్టి, తాత, తన పిల్ల.

"జలపాతం అచ్చం మన దొడ్డిలాగే ఉందేమిటి మామా?"

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. పసిదాన్ని ఒక్కదాన్నీ వదిలేశామే అని మనసు ఊరుకోలేదు తల్లీ, దాన్ని కూడా జలపాతానికి తీసుకెళ్దామని వచ్చాను అన్నాడు.

"నోటితో మోసుకెళ్దామనా?" అన్నాడు తాత, పిల్లకీ నక్కకీ మధ్యలోకి కుంటుకుంటూ వచ్చి.

సింగన్న ముందు గవరయ్య తోక కరిచి పట్టుకున్నాడు. ఆ తర్వాత, కంచె లోపల నీకేం పని అని అడిగాడు. జవాబు చెప్పడానికి గవరయ్య ఆగలేదు. తోకలో సగం వెంట్రుకలు సింగన్న నోట్లో, ఒంటి మీద సగం వెంట్రుకలు కంప ముళ్ళకి వదిలేసి, ఘల్లుఘల్లున అడవిలోకి పరిగెత్తాడు. గంట కదిలింది కదా అని గొర్రెలన్నీ మళ్ళీ లేచాయి. మల్లక్క అప్పుడే వచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ రాత్రి ఎర్రన్నకి ఖాళీ దొడ్డే మిగిలేది.

బొల్లి ఒక్కతే లేవలేదు. పిల్ల అప్పటికే పొదుగు అందుకుంది. పాల వేళ సరిగ్గా అదే. మామ మాట తప్పలేదు అనుకుంది బొల్లి, ఆ తర్వాత ఎందుకో పిల్లని ఆనుకుని నిలబడిపోయింది. చాలాసేపు దాన్ని వాసన చూస్తూనే ఉంది.

అందరూ తొట్టి చుట్టూ చేరి ఎర్రన్న కట్టిన రొట్ట తిన్నారు. సగం తిన్నాక మల్లక్క తలెత్తింది. నేను చెప్పానా, మన వనభోజనం ఇంట్లోనే జరగాలని అంది. మరి కాసేపు నమిలి, ఆ నక్క మనల్ని మోసం చెయ్యాలనుకున్నట్టుంది అని కూడా అంది.

తర్వాత ఎర్రన్న గంట ఎవరు ఎత్తుకుపోయారా అని కొన్నాళ్ళు తిట్టి, సంతలో ఇంకొకటి కొన్నాడు. అడవిలో గవరయ్య గతి మాత్రం అధ్వాన్నమైంది. అడుగు వేస్తే చాలు, కుందేళ్ళు బొరియల్లో, కముజు పిట్టలు చెట్ల మీద. పొంచి ఉందామంటే గోక్కున్నా మోగుతుంది. తోటి నక్కలు పక్కన కూర్చోనివ్వడం మానేశాయి. చివరికి పక్కటెముకలు తేలి, ఒక సాయంత్రం మళ్ళీ కంచె దగ్గరికి వచ్చాడు. ఈసారి ఇంకా ఎడంగా కూర్చున్నాడు. రాకముందే వస్తున్నాడని దొడ్డి అంతటికీ తెలిసిపోయింది.

"బొల్లమ్మా, ఈ ముడి కాస్త కొరికిపెట్టు తల్లీ. నీ కడుపు చల్లగుండ."

బొల్లి కంచె సందులోంచి అతన్ని తేరిపార చూసింది. పిల్ల తన వెనక కాళ్ళ మధ్య నుంచి తల బయటపెట్టింది.

"ముడి విప్పేస్తే నువ్వు ఎటు పోతున్నావో నాకెలా తెలుస్తుంది మామా?" అంది. "జలపాతానికి మళ్ళీ ఎప్పుడు వెళ్దాం?"

ఆ మాట తెలియక అందో, తెలిసే అందో దొడ్డిలో ఇప్పటికీ తేలలేదు. మల్లక్క ఇంకా నెమరేస్తోంది.

దారి నాకు తెలుసన్నవాడి వెనక నడిస్తే తప్పులేదు గాని, వాడి అడుగు చప్పుడు మనకి వినబడుతున్నంత వరకే నడవాలి.